చెరిగిపోయిన చుక్కలు

అనగనగా, తాతల నాడు కాదు, మన నాడే, ఒక ఊళ్లో ఒక పరిశోధనశాల. అందులో హైమవతి అనే అమ్మాయి పనిచేసేది.

ఒంట్లో ప్రతి కణం ఓ చిన్న రాజ్యం. అక్కడ కబుర్లు మోసే భటులు ప్రోటీన్లు. భటుడికి ఫాస్ఫేట్ అనే చుక్క పెడితే లేచి పరుగెడతాడు, చుక్క చెరిపేస్తే కునుకు తీస్తాడు. క్యాన్సర్ కణాల్లో మాత్రం ఒక భటుడు చుక్క చెరగక, కునుకు లేక, "పెరగండి, పెరగండి" అని అరుస్తూనే ఉంటాడు. వాడి నోరు మూయించే మందు కోసం పరిశోధనశాల పెద్ద సోమయాజులుగారు పదేళ్లు తపస్సు చేశారు.

ఒకరోజు హైమవతి కొన్ని క్యాన్సర్ కణాలకు ఆ మందు వేసి, కొన్నింటికి వెయ్యకుండా, అన్నింటినీ పగలగొట్టి యంత్రంలో చూసింది. మందు వెయ్యని కణాల్లో చుక్కలున్నాయి, వేసినవాటిలో మాయం! సోమయాజులుగారు పట్టలేని సంతోషంతో అందరికీ కాజాలు పంచారు. ఆసుపత్రిలో రోగులకు పాత మందు మాన్పించి ఇది ఇవ్వడానికి ముహూర్తం కూడా కుదిరిపోయింది.

హైమవతికి మాత్రం కాజా గొంతు దిగలేదు. పగలగొట్టిన కణాల గొట్టాలను ఐసులో పెడుతుంటే, మందు వేసినవాటి వంతు వచ్చేసరికి ఐసు అయిపోయింది. తాను వెళ్లి తెచ్చేలోగా అవి బల్లమీదే ఉండిపోయాయి. కణాల్లో చుక్కలు చెరిపే భటులు కూడా ఉంటారు మరి. కణం పగిలినా వాళ్లు పని మానరు. ఐసులో పెడితేనే వాళ్ల చేతులు ఆగేది.

"చుక్కలు చెరిపింది మందు కాదేమోనండీ, నా ఆలస్యమేమో. మళ్లీ చేస్తాను," అంది.

"చాల్లేవమ్మా! నోటి దగ్గర ముద్ద లాగేస్తావా?" అని ఆయన కసురుకున్నారు.

ఆమె పట్టు వదల్లేదు. గొట్టాలన్నీ ఐసులో పాతి మళ్లీ చేసింది. మందు వెయ్యనివాటిలోనూ, వేసినవాటిలోనూ చుక్కలున్నాయి. "యంత్రం పాడైనట్టుంది," అన్నారాయన. యంత్రం బాగుచేయించి చేసింది. ఉన్నాయి. "కణాలు ముసలివైపోయాయి," అన్నారు. కొత్త కణాలు పెంచి, "ఈసారి గొట్టాలు మీరే పట్టండి," అంది.

ఆయనే పట్టారు. చుక్కలు చెక్కుచెదరలేదు. పదేళ్ల శ్రమ మరి, ఆయన కళ్లు చెమర్చాయి. హైమవతికీ ఏడుపొచ్చింది. కాసేపటికి ఆయనే ఆసుపత్రికి ఫోను చేశారు.

"డాక్టరుగారూ, పాత మందు ఆపకండి. మాది పనిచేయదు."

"సమయానికి చెప్పారండీ. రేపు పొద్దున్నే పదకొండు మందికి ఆపేసేవాళ్లం," అన్నాడు డాక్టరు.

సోమయాజులుగారు ఫోను పెట్టేసి, హైమవతి వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు.

పిల్లలూ, తమ తప్పు తామే బయటపెట్టే ధైర్యం ఉన్నవాళ్ల చేతికే నిజం చిక్కుతుంది.