దీనమ్మ నానబెట్టిన వెదురు బద్దలు

జాలుగుట్ట అడవిలో కుందేళ్లకు, దుప్పులకు, ముంగిసలకు, ఉడుతలకు, కొండముచ్చులకు తలా ఒక ఇల్లు ఉండేది. అన్నీ కలిపి పంతొమ్మిది గుమ్మాలు. డిసెంబరు నెల వచ్చిందంటే ఆ పంతొమ్మిది గుమ్మాలకూ ఎక్కడలేని హుషారు వచ్చేది. క్రిస్మస్ దగ్గర పడుతోంది కదా.

అడవి జంతువులకు క్రిస్మస్ ఏమిటని మీరు అడగవచ్చు. జాలుగుట్టలో మాత్రం ఆ మాట అనకండి. "ఆయన పుట్టింది పశువుల పాకలో. పక్కనే ఉండి చూసింది మావాళ్లు. మా పండుగ కాకపోతే ఇంకెవరి పండుగ?" అని ఎదురడుగుతారు. 

ఆ పండుగకు అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎవరింటి పండుగ వాళ్ల చేతులతోనే జరగాలి. ఎర్రమట్టితో ఇల్లు అలికేవారు. తెల్లరాయి నూరి ముగ్గు పెట్టేవారు. ఎండబెట్టిన ఇప్పపూలు, సారపప్పు, వెదురు బియ్యప్పిండి తేనెతో కలిపి, అడ్డాకులో చుట్టి, నిప్పుల్లో కప్పెట్టి కేకు చేసేవారు. అన్నిటికన్నా ముఖ్యం నక్షత్రం. పండుగ ముందురోజు పొద్దు వాలేసరికి ప్రతి గుమ్మానికీ వెదురు బద్దల నక్షత్రం వెలగాల్సిందే.

ఆ నక్షత్రం కట్టడంలో ఏదుపంది దీనమ్మది అందెవేసిన చెయ్యి. అడవిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు.

ఆమె పనితనం చూడటానికి రెండు కళ్లు చాలవు. పచ్చి వెదురును పళ్లతో నిలువునా చీల్చేది. బద్దల్ని ఒక రోజంతా వాగు నీళ్లలో నానేసేది. నానిన బద్ద ఎటు వంచితే అటు వంగుతుంది. నానని బద్ద చిట్లి చేతికి గుచ్చుకుంటుంది. ఐదు బద్దలతో ఒక చుక్క, ఇంకో ఐదింటితో ఇంకో చుక్క కట్టి, రెండింటి కొనలూ కలిపి అడ్డతీగ నారతో ముడి వేసేది. రాలిపోయిన తన ముళ్లనే రెండు చుక్కల మధ్య నిలబెట్టేది. దాంతో నక్షత్రానికి బొద్దుగా పొట్ట వచ్చేది. కందిరీగలు వదిలేసిన గూళ్ల పొరలు తెచ్చి గంజితో పైన అతికించేది. ఎండలో పెడితే పొర బిగిసి చిరుగుతుందని నీడనే ఆరబెట్టేది. పొగ పోవడానికి పై కొన తెరిచి ఉంచి, లోపల ఇప్పనూనె ప్రమిద పెట్టేది.

ఇంత చేసి, ఎవరైనా మెచ్చుకుంటే, "ఏముంది, నాలుగు పుల్లలు కట్టాను" అనేది.

ఏటా పిల్లలందరూ ఆమె వాకిట్లో చేరేవారు. పొరలు అతికించడం వాళ్లకు భలే సరదా. ముడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఓపిక ఉండేది కాదు. "పెద్దమ్మా, నువ్వే వెయ్యి" అనేవారు. పిల్లలు అడిగితే కాదనలేక ఆమే వేసేది. అదే ఆమె చేసిన పొరపాటు. అడవి నిండా నక్షత్రాలు ఉన్నాయి గానీ, ముడి వేయడం వచ్చినవారు ఆమె తప్ప ఒక్కరూ లేరు.

ఆ చలికాలం దీనమ్మ వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. పొద్దున లేస్తే గంటసేపు నిప్పు దగ్గర కాచుకుంటే గాని మడతపడేవి కావు. వచ్చే ఏటికి ఈ వేళ్లతో ముడి పడదని ఆమెకు తెలిసిపోయింది. ఈసారి ఎలాగైనా పిల్లల చేతనే ముడులు వేయించాలి. లేకపోతే ఈ విద్య తనతోనే పోతుంది. ఆ దిగులుతో ఆమెకు తిండి సహించలేదు. వేళ్ల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే కొండముచ్చు సంసోను ఊరి నుంచి తిరిగొచ్చాడు.

సంసోనుకు రెండే పనులు ఇష్టం. ఒకటి గుట్ట కింద ఊళ్లోకి పోవడం. రెండోది, పోయొచ్చి గొప్పలు చెప్పడం. ఆ రోజు రాతిబండ ఎక్కి అందరినీ పిలిచాడు.

"ఈ పుల్లలూ ఆకులూ ఇంకెన్నాళ్లు?" అన్నాడు. "ఊళ్లో నక్షత్రాలు వెండిలా మెరుస్తున్నాయి. కేకులు మూడంతస్తులు ఉన్నాయి. ఈ ఏడు ఎవరూ చెయ్యి కదపకండి. పండుగంతా నేను తెస్తాను."

అడవికి పెద్దదిక్కు ఎలుగుబంటి యోబు తాత. అవన్నీ మనకు సరిపడతాయా అని ఆయన నెమ్మదిగా అడిగాడు. సంసోను తోక ఎగరేసి, ఊళ్లోవాళ్లకు సరిపడినవి మనకెందుకు సరిపడవు తాతా అన్నాడు. కుందేలు సువార్తమ్మకు ప్రాణం లేచివచ్చింది. ఆమెకు ఏడుగురు పిల్లలు. పిండి దంచడం, ఇల్లు అలకడం తప్పుతాయంటే ఏ తల్లికి సంతోషం కాదు? అందరూ సరేనన్నారు.

మర్నాటి నుంచి దీనమ్మ వాకిట్లోకి ఒక్క పిల్లా రాలేదు.

ఆమె రోజూ వాకిలి ఊడ్చి, నార పేని పెట్టుకుని కూర్చునేది. నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు తానే సువార్తమ్మ ఇంటికి వెళ్లి, పిల్లల్ని ఒక్క పూట పంపమని అడిగింది. నక్షత్రాలు సంసోను తెస్తున్నాడు కదా పెద్దమ్మా, ఇంకా ఎందుకు ఈ శ్రమ అంది సువార్తమ్మ. ప్రేమగానే అంది. దీనమ్మ నవ్వి వెనక్కి వచ్చేసింది. దారిలో మాత్రం ఆమెకు కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రం ఆమె ఇల్లు అలుక్కుంటోంది. పైన కొమ్మ మీద సంసోను కనిపించాడు.

"ఇల్లు అలకగానే పండగ అవుతుందా పెద్దమ్మా?"

"కాదు నాయనా" అంది ఆమె, తల ఎత్తకుండానే. "అలక్కుండా కూడా కాదు."

సంసోను పెద్దగా నవ్వి వెళ్లిపోయాడు.

పండుగ ఇంకా మూడు రోజులు ఉందనగా దీనమ్మ వెదురుపొదకు వెళ్లింది. రోజంతా చీల్చుతూనే ఉంది. బద్దల్ని కట్టలు కట్టి ఈడ్చుకుంటూ వాగుకు తెచ్చి, నీళ్లలో వేసి, పైన రాళ్లు పెట్టింది. నీళ్లు తాగడానికి వచ్చిన యోబు తాత చూసి ఆశ్చర్యపోయాడు.

"ఇన్ని బద్దలు ఎవరికమ్మా?"

"నక్షత్రానికి పది బద్దలు, అన్నా. గుమ్మాలు పంతొమ్మిది."

"ఎవరూ రారేమో దీనమ్మా."

"మనసు మారడానికి ఒక్క గంట చాలు. బద్ద నానడానికి ఒక రోజు కావాలి. అందుకని ముందు బద్దలు సిద్ధంగా ఉండాలి."

యోబు తాత వంగి, బరువైన రాయి ఒకటి ఎత్తి కట్టల మీద పెట్టి వెళ్లాడు.

పండుగ ముందురోజు పొద్దున్నే సంసోను తన గుంపుతో ఊళ్లోకి దిగాడు. ఒక కొట్టు ముందు బల్ల మీద మూడంతస్తుల కేకు ఉంది. పక్కనే వెండి నక్షత్రం వేలాడుతోంది. రెండూ లాక్కుని పరుగు తీశారు. విచిత్రం ఏమిటంటే, కొట్టువాళ్లు వెంటపడలేదు సరికదా, పొట్ట పట్టుకుని నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో సంసోనుకు అంతుపట్టలేదు.

రాతిబండ మీద కేకు పెట్టేసరికి అడవంతా నోరు వెళ్లబెట్టింది. తెల్లగా, నున్నగా, అంచుల మీద ఎర్రటి పూలతో ఎంత అందంగా ఉందో! సంసోను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. యోబు తాత ప్రార్థన చేసి, గోటితో కేకు కోయబోయాడు.

కీచుమని చప్పుడైంది. కేకులోంచి తెల్లటి పూసలు రాలి ఆయన ముక్కుకు, మీసాలకు అంటుకున్నాయి. సువార్తమ్మ చిన్న కూతురు ఆశపడి ఒక ముక్క కొరికి వెంటనే ఉమ్మేసింది.

"అమ్మా, ఇది తినేది కాదు."

అది కొట్టువాళ్లు చూపు కోసం థర్మోకోల్‌తో చేసి, పైన పల్చగా తీపి పూసి పెట్టిన బొమ్మ కేకు. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అదే.

సంసోను కంగారు పడలేదు. కేకు పోతే పోయింది, నక్షత్రం ఉందన్నాడు. దానికి పొడవాటి తీగ ఒకటి తోకలా వేలాడుతోంది. ఆ తీగను చెట్టుకు చుట్టాడు. వెలగలేదు. కొమ్మకు చుట్టాడు. వెలగలేదు. చివరికి తన తోకకు చుట్టుకుని ఊపాడు. అప్పుడూ వెలగలేదు. ఒకప్పుడు ఊళ్లో ఉండి వచ్చిన ముసలి ముంగిస దగ్గరికి వచ్చి, దీనికి కరెంటు కావాలి, అది మన అడవిలో లేదని చెప్పింది.

సంసోనుకు తల కొట్టేసినట్లయింది. చెట్టెక్కి, అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు.

పిల్లలు ఏడుపు అందుకున్నారు. ఏ ఇంట్లోనూ పిండి దంచలేదు. దీనమ్మది తప్ప ఏ గుమ్మమూ అలకలేదు. నక్షత్రం కడదామంటే, ఇప్పుడు నానేసిన వెదురు రేపటికి గాని వంగదు. పొద్దు వాలేసరికి పంతొమ్మిది గుమ్మాలూ చీకటిగా ఉంటాయన్నమాట. జాలుగుట్ట పుట్టాక అలాంటి క్రిస్మస్ లేదు.

యోబు తాత ముక్కు తుడుచుకుని, "నా వెంట రండి" అన్నాడు.

వాగు దగ్గర రాళ్ల కింద బద్దల కట్టలు కనిపించాయి. నూట తొంభై బద్దలు, మెత్తగా నాని, సిద్ధంగా ఉన్నాయి. మనమంతా హాయిగా కూర్చుంటే ఈ ముసలి ప్రాణం మన కోసం వెదురు చీల్చిందా అంటూ సువార్తమ్మ నీళ్లలోంచి ఒక కట్ట బయటికి లాగింది. కట్టలు భుజాన వేసుకుని అందరూ దీనమ్మ వాకిట్లోకి వచ్చారు.

దీనమ్మ చాపలు పరిచి కూర్చోమంది.

"ఒకటే షరతు" అంది. "ముడులు మీరే వేసుకోవాలి. నేను ఒక్కటి కూడా వేయను."

"ఎందుకు పెద్దమ్మా?" అంది సువార్తమ్మ.

దీనమ్మ రెండు చేతులూ చాపింది. వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. "వచ్చే ఏడు ఇవి పనికిరావమ్మా. అందుకే పిల్లల్ని పంపమన్నాను."

సువార్తమ్మ తల వంచుకుంది. తర్వాత తన ఏడుగురు పిల్లల్నీ ముందుకు లాగి, పెద్దమ్మకు ఎదురుగా కూర్చోబెట్టింది. తానూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం చూడాలి జాలుగుట్టను! ఒకవైపు రోకళ్ల మోత, ఒకవైపు తేనె కాగుతున్న వాసన. దుప్పులు మట్టి తొక్కి ఇస్తుంటే ఉడుతలు తోకలతో గుమ్మాలు అలికాయి. పిల్లలు వేసిన ముడి జారిపోయేది, మళ్లీ వేసేవారు. "నువ్వే వెయ్యి" అని ఈసారి ఎవరూ అనలేదు. పదిసార్లు జారినా దీనమ్మ విసుక్కోలేదు. "బిగించకండి, ముందు ఒదిగించండి. ఒదిగాక అదే బిగుస్తుంది" అని చెబుతూనే ఉంది.

అందరికన్నా ఆఖర్న సంసోను వచ్చాడు. ఒక మూల కూర్చున్నాడు. ఒక్క గుంజులో ముడి పడాలని లాగాడు. బద్ద ఎదురు తన్ని వేలు కోసుకుంది. మళ్లీ లాగాడు, ఇంకో వేలు కోసుకుంది. పొద్దు వాలింది. పద్దెనిమిది గుమ్మాలకు నక్షత్రాలు వెలిగాయి. కొన్ని వంకరగా ఉన్నాయి, కొన్నిటికి పొట్ట సరిగా రాలేదు, అయినా అన్నీ వెలిగాయి. ఒక్క సంసోను గుమ్మం చీకటిగా ఉంది. అడవంతా పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతుంటే, అతడు ఆ చీకట్లో విరిగిన బద్దలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సువార్తమ్మ చిన్న కూతురు అతడికి ఆకులో కేకు ముక్క తెచ్చి పెట్టి వెళ్లింది.

ఏడాది తిరిగింది. మళ్లీ డిసెంబరు వచ్చింది.

దీనమ్మ వేళ్లు అనుకున్నట్టే పూర్తిగా ముడుచుకుపోయాయి. చీపురు కూడా పట్టలేకపోతోంది. పండుగ ముందురోజు వాకిట్లో కూర్చుని చూస్తే, ఇంటింటి ముందూ పిల్లలు బద్దలు వంచుతున్నారు, ముడులు వేస్తున్నారు. సాయం అడగడానికి ఆమె దగ్గరికి ఒక్కరూ రాలేదు. అందుకు ఆమెకు బాధ లేదు, గర్వంగా ఉంది.

పొద్దు వాలుతుండగా సంసోను వచ్చాడు. చేతిలో నక్షత్రం ఉంది. ఒక కొన పొడుగు, ఒక కొన పొట్టి. ఏడాది పొడవునా ఎన్ని కట్టి ఎన్ని విప్పాడో, వేళ్ల నిండా పాత గాట్లు ఉన్నాయి.

"వంకరగా వచ్చింది పెద్దమ్మా. నీ గుమ్మానికి కడదామని తెచ్చాను."

దీనమ్మ దాన్ని ఒళ్లో పెట్టించుకుంది. వేళ్లు పనిచేయవు కనుక ఒక్కొక్క ముడినీ పళ్లతో పట్టి లాగి చూసింది. ఒకటి, రెండు, మూడు... అన్ని ముడులూ చూసింది. ఒక్కటి కూడా జారలేదు. ఆమె కళ్ల వెంట నీళ్లు ధారగా కారిపోయాయి.

"వంకరైతేనేం నాయనా" అంది. "ముడి నిలిచింది. ఇక నాకు దిగులు లేదు. వెలిగించు."

నీతి: ఎక్కడినుంచో తెచ్చుకున్న మెరుపు ఒక్క పూటలో వెలిసిపోతుంది, ఓపికతో చేతికి నేర్పుకున్న పని తరతరాలకూ వెలుగునిస్తుంది.