ఊ కొట్టిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు అని మొదలుపెట్టాలి. రాజూ ఉన్నాడు, కొడుకులూ ఉన్నారు, ఎక్కడికీ పోరు. ముందు నన్ను చిలక సంగతి చెప్పనివ్వండి. పాపం, దాని గొడవ ఏ కథలోనూ ఎవరూ పట్టించుకోరు.

ఏడు సముద్రాల అవతల ఒక దీవి. ఆ దీవిలో ఏడంతస్తుల మేడ. ఆ మేడలో ఝంకారుడనే మాంత్రికుడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. పంజరంలోని మరకతం అనే చిలక గొంతులో దాచుకున్నాడు. చిలక మెడ నులిమితే మాంత్రికుడు చస్తాడు. అందరూ ఇక్కడిదాకా చెప్పి ఊరుకుంటారు. చిలకా చస్తుంది కదర్రా! ఆ సంగతి మరకతానికి బాగా తెలుసు. అందుకే దీవిలో కొత్త మనిషి అడుగుపెడితే చాలు, దానికి ఒళ్ళంతా వణుకు.

ఒకసారి ఝంకారుడు చెంగల్వకోట రాకుమారి తారావళిని ఎత్తుకొచ్చాడు. పెళ్ళాడమంటే ఆవిడ ఛీ పొమ్మని గోడవైపు తిరిగి కూర్చుంది. ఆమెను విడిపించడానికి మన రాజుగారి కొడుకులు ఒకరి తర్వాత ఒకరు బయలుదేరారు. పెద్దవాడు వీరసేనుడు వచ్చీ రాగానే కత్తి దూశాడు. మాంత్రికుడు బెత్తంతో తాకితే రాయైపోయాడు. రెండోవాడు శూరసేనుడు కాళ్ళ మీద పడి ఏడ్చాడు. వాడూ రాయైపోయాడు. మరకతం హమ్మయ్య అనుకుంది.

మూడోవాడు ఉదయసేనుడు. చిన్నప్పటినుంచీ నాయనమ్మ ఒళ్ళో కథలు వింటూ పెరిగినవాడు. వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. కథ చెప్పేవాళ్ళు చెబుతుంటే వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుంది, చెప్పేవాళ్ళకి కోపమూ వస్తుంది. ఆ నాయనమ్మయితే ఊ ఆలస్యమైతే నెత్తిన మొట్టికాయ వేసేది. దాంతో ఎవరు నోరు తెరిచినా వీడి నోట్లోంచి ఊ దానంతటదే వచ్చేసేది.

ముసలి తాబేలు వీపునెక్కి ఏడు సముద్రాలూ దాటి వచ్చాడు ఉదయసేనుడు. ఝంకారుడు బెత్తం పైకెత్తి అలవాటుగా గర్జించాడు.

"ఒరే కుర్రకుంకా! నేనెవరో తెలుసా? కొండల్ని పిండి చేసినవాణ్ణి!"

"ఊ" అన్నాడు ఉదయసేనుడు.

మాంత్రికుడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మెరుపుని పట్టి సీసాలో బిగించినవాణ్ణి!"

"ఊ. అప్పుడేమైంది?"

అప్పుడేమైంది! ఆ మాట ఝంకారుణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళంతా కత్తి దూసేవాళ్ళో, కాళ్ళ మీద పడేవాళ్ళో. తారావళి చెవుల్లో దూది పెట్టుకుంది. మరకతం విన్నవే విని విని విసిగిపోయింది. ఇంత విద్య నేర్చినా ఔరా అన్నవాడు ఒక్కడూ లేడు. మాంత్రికుడు బెత్తం గోడకి ఆనించి, పీట వాల్చి, "కూర్చో, చెప్తాను" అన్నాడు.

పొద్దు వాలేదాకా చెప్పాడు. సరిగ్గా మెరుపు సీసా పగిలినచోట ఆవులింత వచ్చి ఆపాడు.

"దొరా! కథలకేం తొందర? ముందు వాణ్ణి రాయి చెయ్యి!" అని గోల పెట్టింది మరకతం.

"చేస్తాలేవే. ఊరికే చంపితే ఏం గొప్ప? ఒక పరీక్ష పెడతాను. ఓడిపోతే అప్పుడు చంపుతాను" అన్నాడు ఝంకారుడు, చిలక మొహం చూడకుండా.

నువ్వులూ ఆవాలూ కలిపి గుట్ట పోసి, వేరు చెయ్యమన్నాడు. రాకుమారుడు గుట్ట ముందు తల పట్టుకు కూర్చున్నాడు. అప్పుడు మరకతం పంజరంలోంచి ఏం చూసిందనుకున్నారు? అంత మాంత్రికుడూ పెరట్లో మోకాళ్ళ మీద వంగి, చీమల పుట్ట దగ్గర గుసగుసలాడుతున్నాడు. "చీమలమ్మా, ఆ కుర్రాడికి కాస్త సాయం చెయ్యరూ? నేను చెప్పానని మాత్రం చెప్పకండేం!"

చీమలు బారులు తీరి వచ్చాయి. గింజలు వేరయ్యాయి. రాకుమారుడు గెలిచాడు. మళ్ళీ పీట, మళ్ళీ కథ, మళ్ళీ ఊ.

రెండో పరీక్షకి సముద్రంలో ఉంగరం విసిరి తెమ్మన్నాడు. విసరడమంటే ఏం విసిరాడు, తాబేలు నోట్లో పడేటట్టు విసిరాడు! రాకుమారుడు గెలిచాడు. మళ్ళీ పీట, మళ్ళీ కథ, మళ్ళీ ఊ.

"సిగ్గు లేదూ, దొరా? నా మెడ మీదికి తెస్తున్నావు!" అని తిట్టింది మరకతం. తిట్టిందే గానీ, తనూ పంజరం ఈ చివరికి జరిగి కూర్చుంది. ఆ పిల్లాడు ఊ కొట్టడం ఎంత బాగుండేదో ఏం చెప్పమంటారు! భయం వేసేచోట చిన్నగా, నవ్వొచ్చేచోట గట్టిగా, ఏడుపొచ్చేచోట గొంతు పెగలక పెగలక. నటన కాదు, వాడికి నిజంగానే కథంటే ప్రాణం. కథ ఆగగానే మాత్రం లేచి వెళ్ళి రాళ్ళయిన అన్నల మొహాల మీద దుమ్ము తుడిచి వచ్చేవాడు. అది చూస్తే చిలక్కి కడుపు తరుక్కుపోయేది.

మూడో పరీక్ష. "నా ప్రాణం ఎక్కడుందో చెప్పు. చెప్పలేకపోతే రాయివే" అన్నాడు ఝంకారుడు. మరకతం కుదుటపడింది. ఇది వాడివల్ల కాదు.

"ప్రాణం ఒంట్లో కాక ఇంకెక్కడుంటుందండీ?" అన్నాడు ఉదయసేనుడు.

"నా ఒంట్లో లేదురా పిచ్చివాడా! ఎప్పుడో తీసి దాచేశాను!"

ఉదయసేనుడు మాట్లాడలేదు.

"దాచేశానంటున్నానా!"

అయినా మాట్లాడలేదు. మాంత్రికుడికి గుండెల్లో రాయి పడింది. "ఊ కొట్టవేం?"

"ఏమనుకోకండి, మాంత్రికులవారూ. కొండలు నమ్మాను, మెరుపు నమ్మాను. ఇది మాత్రం వట్టి కోత."

"కోతా!" ఝంకారుడు గిలగిల్లాడిపోయాడు. వాడి పనులన్నిట్లోకీ గొప్ప పని అదే. చెప్పుకుంటే చేటు, చెప్పుకోకపోతే మెచ్చుకునే దిక్కు లేదు. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని కుమిలిపోయాడు.

"దొరా, వద్దు! నీకు దణ్ణం పెడతాను, చెప్పకు!" అని అరిచింది మరకతం.

"అదిగో, ఆ చిలక గొంతులో ఉంది! ఇప్పుడేమంటావ్?"

"ఊ" అన్నాడు ఉదయసేనుడు. ఒక్క గంతులో పంజరం తలుపు తీసి చిలక మెడ పట్టుకున్నాడు.

మాంత్రికుడు నేల మీద కూలబడ్డాడు. బెత్తం అందేటట్టే ఉంది. కానీ రాకుమారుణ్ణి రాయి చేస్తే రాతి పిడికిట్లో చిలక నలిగిపోదూ?

"రాకుమారా, ఒక్క మాట" అంది మరకతం కీచుగా. "ఈ గొంతులో రెండు ప్రాణాలున్నాయి. ఒకటి ఆయనది. రెండోది నాది. ఆయనది నేను అడిగి తెచ్చుకోలేదు నాయనా."

ఉదయసేనుడి వేళ్ళు వదులయ్యాయి. కళ్ళు చెమర్చాయి. "నాయనమ్మ కథల్లో ఎన్ని చిలకలు చచ్చిపోయాయో! అన్నిటికీ ఊ కొట్టాను. ఒక్కసారైనా అయ్యో అనలేదు" అన్నాడు.

చిలకని గుండెకి హత్తుకుని, మాంత్రికుడి వైపు తిరిగాడు. "బెత్తం విరిచెయ్యండి. మా అన్నల్ని, రాకుమారిని వదలండి. మీ ప్రాణం మీరు తీసేసుకోండి."

"తీసుకుంటే అందరిలాగే ముసలివాణ్ణయి చస్తాను" అని ఏడిచాడు ఝంకారుడు.

"చద్దురుగాని. అందాకా మా ఊరు రండి. వినేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు."

మాంత్రికుడు కళ్ళు తుడుచుకున్నాడు. "దొరికినవాణ్ణి ఎందుకు చంపలేదురా నువ్వు?"

"మీరెందుకు చంపలేదు?"

ఝంకారుడికి నవ్వొచ్చింది. బెత్తం మోకాలికి ఆనించి విరిచాడు. రాళ్ళు కదిలి అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకున్నారు. తారావళి చెవుల్లో దూది తీసి, జరిగిందంతా విని, "ఈ మూడోవాణ్ణయితే నేను చేసుకుంటాను" అంది. మాంత్రికుడు చిలక ముక్కు దగ్గర నోరు తెరిచి తన ప్రాణం తను మింగేశాడు. మరకతానికి ఒళ్ళు ఎంత తేలికైందంటే, ఎగరబోయి పైకప్పుకి గుద్దుకుంది.

పెళ్ళి అంగరంగవైభవంగా జరిగింది. అన్నలు మాకొద్దు బాబోయ్ అంటే రాజ్యం ఉదయసేనుడే ఏలాడు. ఫిర్యాదుకొచ్చినవాళ్ళు చెప్పింది చివరిదాకా విన్న రాజు అని జనం చెప్పుకున్నారు. తారావళితో పిల్లాపాపలతో చల్లగా కలకాలం ఉన్నాడు.

మరకతం కోట తోటలో గూడు కట్టుకుని పిల్లల్ని పెట్టింది. కొన్నేళ్ళకి నడుం వంగిన ఝంకారుడు కర్ర పొడుచుకుంటూ ఆ చెట్టు కిందికొచ్చాడు.

"మరకతం, చావంటే భయమేస్తోందే. నా ప్రాణం మళ్ళీ నీ దగ్గర దాచిపెట్టవూ?"

"పిల్లలతల్లిని, దొరా. ఖాళీ లేదు" అంది మరకతం.

ఇంతే కథ. ఎవరి ప్రాణం వాళ్ళ దగ్గర పెట్టుకుని, లేచి వెళ్ళి అన్నాలు తినండి.