మడకి ఒక పాలు

గుండెలదిరిన రోజున ధారాళంగా ఇచ్చిన చెయ్యి, గండం గడిచాక ఎందుకు ముడుచుకుంటుంది? మీలో ఎవరైనా చెప్పగలరా? సోమిదేవమ్మగారి శిష్యురాలు వీరవేణి కూడా సరిగ్గా ఇదే అడిగింది, ఖాళీ బుట్టను గురువుగారి ముందు దబ్బున పడేసి.

ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. వాళ్ల ఊరి రేవులో వేట నుంచి రాగానే చేపల్ని ఇసుక మీద కుప్పలు పోసి పంచుకుంటారు. పడవకి ఒక పాలు, వలకి ఒక పాలు, మనిషికో పాలు. పెద్ద తుఫాను వచ్చిన ఏడు, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి అడ్డం నిలబడి ప్రాణాలు కాచింది. ఆ మర్నాడే పెద్ద పడవ యజమాని పోలయ్య, "ఇకమీదట మడకీ ఒక పాలు" అన్నాడు. అందరూ కళ్లు తుడుచుకుంటూ సరేనన్నారు. ఆ పాలు మీదే బతుకుతూ కాటమ్మా ఆమె మొగుడూ మొక్కలు నాటుతూ, గొడ్డలి పడకుండా మడను కాస్తున్నారు. రోజూ రేవు నుంచి వాళ్లింటికి బుట్ట మోసేది వీరవేణే. మొదట్లో మడ కుప్పలో పెద్ద పెద్ద పండుగప్ప చేపలుండేవి. నాలుగేళ్లకు అవి చిన్న చేపలయ్యాయి. పదో ఏటికి పిల్లి కూడా మూతి తిప్పుకునే రకం. వారం నుంచి అదీ లేదు. ఇంకో వారం ఇలాగే గడిస్తే కాటమ్మ మూట సర్దుకుని వలస పోవడమే.

"విశ్వాసం లేని మనుషులండీ!" అంది వీరవేణి.

గురువుగారు సోమిదేవమ్మకు వాదన పెట్టుకునే అలవాటు లేదు. "పదేళ్లుగా రేవు నుంచి తెస్తున్నావు. రేవుకి ఏం పట్టుకెళ్లావే?" అని మాత్రం అడిగారు. డిబేట్లలో ఎదుటివాళ్లను నోరెత్తనివ్వని పిల్ల, వంగి ఖాళీ బుట్టను మళ్లీ చేతికి తీసుకుంది.

మర్నాడు సముద్రపు నీరు వెనక్కి తీసిన వేళ, కాటమ్మను వెంటబెట్టుకుని గురువుగారూ వీరవేణీ మడ కాలువలో దిగారు. మోకాలి లోతు బురద. పడవలు వచ్చేసరికి బుట్ట నిండా పీతలూ రొయ్యలూ. గురువుగారు వాటిని తీసుకెళ్లి కుప్పల వరసలో పోశారు.

"ఇదేటండీ గురువుగారూ?" పోలయ్య గాభరాపడ్డాడు.

"ఇవాళ మడ కూడా వేటకెళ్లొచ్చింది. దీన్నీ పాళ్లలో కలుపు."

"మడకి కాళ్లెప్పుడొచ్చాయండీ?" అన్నాడో కుర్రాడు. తుఫాను నాటికి వాడు చంకలో పిల్లాడు. అందరూ నవ్వారు.

"అది కదలకుండా నిలబడబట్టే నీకు కాళ్లున్నాయిరా" అన్నాడు పోలయ్య. అంటూనే గొంతు తగ్గించాడు. "నేనే నీకెప్పుడూ చెప్పలేదు."

అప్పుడు కాటమ్మ ముందుకొచ్చి, బురద చేతులతోనే దండం పెట్టింది. "పదేళ్లు మా పొయ్యి మీ చేపతోనే వెలిగింది బాబూ." తమ చేప ఎవరి కంచంలోకి వెళ్లిందో రేవువాళ్లు చూడటం అదే మొదటిసారి.

పోలయ్య పీతలు పంచాడు. తర్వాత పడవ పాలులోంచి అన్నిటికన్నా పెద్ద పండుగప్పను తీసి, ఖాళీగా ఉన్న మడ చోట్లో పెట్టాడు. ఒకరి వెనక ఒకరు వంగి తమ పాలులోంచి ఒక్కో చేప వేశారు. నవ్వించిన కుర్రాడు కూడా.

వీరవేణి కళ్లు నిండాయి. ఆ కుప్పకు మొక్కి బుట్టలోకి ఎత్తుకుంటూ, "ఇంకో నాలుగేళ్లకు మళ్లీ తగ్గిపోదంటారా?" అని మెల్లగా అడిగింది.

గురువుగారు రేవులో ఉన్నవాళ్లందరి వైపూ తిరిగి అన్నారు: "ఈ పాలు వేసేటప్పుడు మీ పిల్లల్ని పక్కన నిలబెట్టుకోండి."