పల్లవి చివర ఆగే చోటు

ఆరాధనకు కూడిన సంఘం తప్పు పాడుతుంటే హార్మోనియం వాయించేవాళ్లు ఏం చెయ్యాలి? వాళ్ల వెంట పోవాలా, వాళ్లని తమ వెంట లాక్కురావాలా? ఉప్పరేవు చర్చిలో జకర్యా మాస్టారి దగ్గర ఆరాధన సంగీతం నేర్చుకుంటున్న ఫీబే మూడేళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇదొక్కటే. మాస్టారికి ఓ అలవాటుంది. జవాబు చెప్పడం ఇష్టంలేని ప్రశ్న ఎదురైతే హార్మోనియం పైపలక ఊడదీసి, కోడి ఈకతో లోపలి దుమ్ము దులుపుతూ కూర్చుంటారు. ఫీబే అడిగినప్పుడల్లా దులిపీ దులిపీ ఆ పెట్టెలో దుమ్మన్నది లేకుండా పోయింది. ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆమె విసుగుకు కారణం లేకపోలేదు. ఆ ఊళ్లో ప్రతి ఆదివారం ఆరాధన ఒకే స్తుతి కీర్తనతో మొదలవుతుంది. దాని పల్లవి కింది స్వరాల్లోకి దిగి ముగుస్తుంది. చరణం ఒక్కసారిగా పై స్థాయిలో ఎత్తుకుంటుంది. పుస్తకం ప్రకారం రెంటికీ నడుమ ఆగడమన్నది లేదు, పల్లవి అయిన మరుక్షణం చరణంలోకి వెళ్లిపోవాలి. ఉప్పరేవు సంఘం వెళ్లదు. పల్లవిలో ఆఖరి అక్షరాన్ని పట్టుకుని నాలుగైదు తాళం దెబ్బల సేపు అలాగే సాగదీస్తుంది. తబలా వాయించే యోబు చెయ్యి గాల్లో లేపి ఉంచి ఎదురు చూస్తాడు. తాళం కాస్తా తెగిపోతుంది. కిందటేడు సంగీత బోర్డు నుంచి వచ్చిన పరీక్షాధికారి ఇది విని, కాగితం మీద 'లయలో నిలకడ లేదు' అని రాసి ఫీబేని పరీక్ష తప్పించి వెళ్లిపోయాడు. సాగదీసింది సంఘం, తప్పింది ఫీబే! ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? బోర్డు ఇచ్చేవి రెండే అవకాశాలు. రెండోది వచ్చే ఆదివారమే. అందులోనూ తప్పితే ఇక ఏ చర్చిలోనూ ఆమెను వాయిద్యం ముందు కూర్చోనివ్వరు.

అందుకని ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. ప్రతి శనివారం సాయంత్రం పాడేవాళ్లను పోగుచేసి, చప్పట్లు కొట్టించి సాధన చేయించింది. శనివారం అందరూ బుద్ధిగా పాడేవారు. ఆదివారం పొద్దున యథాప్రకారం ఆగేవారు. పాత క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో 'ఇక్కడ ఆగరాదు' అని రాసి స్తంభానికి తగిలించింది. జనం దాన్ని శ్రద్ధగా చదివి, పాపం ఎవరి గురించి రాశారో అనుకుని, పాటలో ఆగారు. వీళ్లందరికీ నాయకురాలు రాహేలమ్మ. డెబ్భై దాటిన మనిషి. ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద కూర్చుంటుంది. ఆమె గొంతు లేస్తే మిగతా గొంతులన్నీ దాని వెనకే నడుస్తాయి. లాభం లేదని ఫీబే నేరుగా ఆమె దగ్గరికే వెళ్లింది.

"మామ్మా, పల్లవి అయిపోగానే చరణం ఎత్తుకోవాలి. ఆగకూడదు."

"ఆగేదెవురు? నేనెక్కడ ఆగానే? ఆ పాట అట్టానే ఉంటది."

"పుస్తకంలో అలా లేదు మామ్మా."

"పుస్తకం రాసినాయన మన గుడికి ఎప్పుడన్నా వొచ్చాడా?" అంది రాహేలమ్మ, కోపమేమీ లేకుండా, నిజంగానే తెలుసుకుందామన్నట్టు.

ఫీబేకి ఏడుపొక్కటే తక్కువ. చరచరా మాస్టారింటికి నడిచి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. ఈ జనంతో తనవల్ల కాదంది. గోడకు చెప్పుకున్నా ఈపాటికి వినేదంది. చివరికి ఆ ప్రశ్నే మళ్లీ అడిగింది. మాస్టారు లేచి హార్మోనియం పైపలక తీశారు.

"ఆ ఈక అవతల పెట్టండి మాస్టారూ! ఆదివారం పరీక్ష. నన్నేం చెయ్యమంటారో చెప్పండి."

"వాయించమంటాను."

"అయితే నేను ఆగను. ఎవరు ఆగినా సరే, నేను మాత్రం ఒక్క క్షణం ఆగను."

"సరే, ఆగకు," అన్నారు మాస్టారు.

కాదంటారని, వాదిస్తారని, ఎదురు చెప్పడానికి నాలుగు మాటలు కూడగట్టుకుని వచ్చిన ఫీబేకి ఆ 'సరే' వినేసరికి ఒళ్లు మండిపోయింది.

ఆదివారం వచ్చింది. ఈసారి పరీక్షాధికారి వేరే ఆయన. పక్క వాకిలి దగ్గర కుర్చీ వేయించుకుని, ఒళ్లో కాగితాల అట్ట పెట్టుకుని కూర్చున్నారు. జకర్యా మాస్టారు మగవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చున్నారు. ఫీబే హార్మోనియం మోత పెంచే స్టాపులన్నీ బయటికి లాగింది. చర్చి అదిరేలా శ్రుతి ఇచ్చింది. పల్లవి ముగిసింది. రాహేలమ్మ ఆఖరి అక్షరాన్ని పట్టుకోనే పట్టుకుంది, ఆమె వెనక సంఘమంతా పట్టుకుంది. ఫీబే వాళ్లనక్కడే వదిలేసి చరణంలోకి వెళ్లిపోయింది. సంఘం ఉలిక్కిపడి రెండు మాటలు మింగి, పరుగు పరుగున వచ్చి ఆమెను కలుసుకుంది. రెండో చరణం దగ్గరా అదే తంతు. యోబు ఎవరి వెంట పోవాలో తెలీక ఓసారి ఆమె వైపూ, ఓసారి రాహేలమ్మ వైపూ చూశాడు. ఫీబే పళ్లు బిగించి వాయిస్తోంది. తాళం చెక్కు చెదరలేదు. నన్ను తప్పించారుగా, ఇప్పుడు రాసుకోండి అన్నట్టు ఆమె ఓరకంట పరీక్షాధికారిని చూసింది.

ఆ చూపే కొంప ముంచింది. మూడో చరణానికి పై స్థాయికి ఎగరబోయిన చెయ్యి హార్మోనియంలో వేరే మెట్టు మీద పడింది. స్టాపులన్నీ తెరిచి ఉన్నాయేమో, ఆ తప్పు స్వరం చర్చి నలుమూలలా వినపడింది. ఫీబే చటుక్కున వేళ్లు తీసేసింది. అంతే, మెట్లన్నీ ఒక్కలాగే కనిపించసాగాయి. మూడేళ్లుగా కళ్లు మూసుకుని వాయించిన చరణం ఎక్కడ మొదలవుతుందో ఆమెకు గుర్తు రాలేదు. అయిపోయింది, ఈ జన్మకింతే అనుకుంది.

అప్పుడు ఆమెకు పాట వినపడింది. సంఘం ఇంకా పల్లవి ఆఖరి అక్షరం మీదే ఉంది. ఈ రోజు కొత్తగా ఆగిందేమీ కాదు, ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. నాలుగు దెబ్బలు గడిచాయి, అయిదు గడిచాయి, వదల్లేదు. రాహేలమ్మకు ఊపిరి అయిపోతే రెండో చాప వాళ్లు అందుకున్నారు. వాళ్లకు అయిపోయేలోగా రాహేలమ్మ మళ్లీ ఊపిరి పీల్చుకుని వచ్చి చేరింది. యోబు వేలికొసలతో తాళం మెల్లగా నడిపిస్తున్నాడు. ఒక్కరంటే ఒక్కరు తల తిప్పి హార్మోనియం వైపు చూడలేదు. పదో దెబ్బో, పన్నెండో దెబ్బో, ఫీబే వేలికి మెట్టు దొరికింది. ఆమె మోగించగానే సంఘమంతా అప్పటికే సిద్ధంగా ఉన్నట్టు చరణంలోకి అడుగుపెట్టింది. నాలుగో చరణం దగ్గర ఫీబే ఆగింది. ఆగమని ఆమెకెవరూ చెప్పలేదు.

ఆరాధన అయ్యాక పరీక్షాధికారి ఆమెను పిలిచారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మూడో చరణం ముందు స్వరాన్ని అలా నిలబెట్టడం, ముందువాళ్లకు ఊపిరి అయిపోగానే వెనకవాళ్లు అందుకోవడం ఎంత బాగుందమ్మా! ఈ సంఘానికి ఎన్నాళ్లు సాధన చేయించావు?"

"నేను నేర్పలేదండీ. అక్కడ నా వేలు తప్పింది. వాళ్లు ఆగారు, అంతే," అంది ఫీబే, వస్తున్న ఏడుపు ఆపుకుంటూ.

ఆయన చేతిలోని కాగితం వైపు చూసుకుని కాస్త ఇబ్బందిగా కదిలారు. "ఉత్తీర్ణురాలని రాసేశానే. బోర్డు కాగితంలో కొట్టివేతలు పనికిరావు," అని సంతకం చేసి చేతిలో పెట్టి బస్సు వేళవుతోందని వెళ్లిపోయారు. కిందటేడు దేనికి తప్పించారో ఈ ఏడు దానికే నెగ్గించారు. ఫీబేకి సంతోషించాలో తల బాదుకోవాలో తెలియలేదు.

కాగితం పట్టుకుని తిన్నగా మాస్టారింటికి వెళ్లింది. ఆయన వసారాలో మజ్జిగ తాగుతున్నారు. ఈసారి ఆమె పాత ప్రశ్న అడగలేదు.

"మాస్టారూ, అక్కడ ఆగడం పుస్తకంలో లేదు. పక్క ఊళ్లలో లేదు. మనవాళ్లకు ఎక్కణ్ణించి వచ్చింది?"

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "నేను ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు, పల్లవి అయ్యాక ఆ పై మెట్టు నా వేలికి అందేది కాదు. ప్రతి ఆదివారం తడుముకునేవాణ్ణి. అది చేతికి రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదీ వాళ్లు ఆగారు."

ఫీబే వసారాలో చతికిలబడింది. "మరి వచ్చాకైనా చెప్పలేదా, ఇక ఆగక్కర్లేదని?"

"పదేళ్లు చెప్పాను. నీకన్నా ఎక్కువే అరిచాను. ఆగేదెవరు, మేమెక్కడ ఆగాం అనేవారు."

ఇన్నాళ్ల అవస్థ ఒక్కసారిగా గుర్తొచ్చింది ఫీబేకి. చప్పట్లు, క్యాలెండరు, కిందటేడు తప్పిన పరీక్ష, రాత్రుళ్లు ఏడ్చిన ఏడుపులు అన్నీ కళ్లముందు తిరిగాయి. గురువన్న గౌరవం కూడా కాసేపు పక్కకు తప్పుకుంది.

"ఈ ముక్క మూడేళ్ల కిందటే నాతో చెబితే మీ సొమ్మేం పోయేది మాస్టారూ?"

జకర్యా మాస్టారు మిగిలిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకున్నారు.

"చెబితే దిద్దేసేదానివమ్మా. ఇవాళ నీకోసం ఆగేదెవరు?" అన్నారు.