తెగని బేరం

ఒక ఊళ్ళో బేరాలాడటంలో ఆరితేరిన ఆవిడ ఒకతె ఉండేది. ఆమెకి నలభై ఎనిమిదేళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, ఊళ్ళో ఎవరికీ దానితో పని పడలేదు. అందరూ బేరాలావిడ అనేవాళ్ళు. ఆమె మొగుడు కూడా లోపల్లోపల అలాగే అనుకునేవాడు. పైకి అనేంత ధైర్యం అతనికి ఈ జన్మకి రాలేదు.

ఆమె బేరానికి మూడు మెట్లు. ధర వినగానే ముందు ముక్కుతో ఒక నవ్వు నవ్వేది. ఆ నవ్వుకే కొత్త వర్తకులు వందకి పది తగ్గేవాళ్ళు. తరవాత సరుకులో లోపం చూపించేది. లోపం లేని సరుకు దేవుడు కూడా చేయలేదని ఆమె నమ్మకం. మొగుణ్ణి రోజూ చూస్తుంది కాబట్టి ఆ నమ్మకానికి ఆధారం కూడా ఉంది. అప్పటికీ దిగకపోతే మాట ఆపేసి, వెనక్కి తిరిగి నడిచేది. ఏడో అడుగు పడేలోపు "రామ్మా, నీ మాటే కానీ" అని వెనక నుంచి పిలుపు వచ్చేది. ఎనిమిదో అడుగు వేయాల్సిన అవసరం ఆమెకి ఎన్నడూ రాలేదు.

బుధవారం సంతలో ఊళ్ళో ఎవరు ఏం కొనాలన్నా ఆమెని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. గేదెకైనా ఆమే, గిన్నెకైనా ఆమే. ఒకసారి పెళ్ళికొడుకుని చూడటానికి కూడా తీసుకెళ్ళారు. అలవాటు కొద్దీ ముక్కుతో నవ్వింది. ఆ అబ్బాయికి ఇంకా పెళ్ళి కాలేదు. ఇన్ని చేసినా ఆమె ఎవరి దగ్గరా కూలి తీసుకునేది కాదు. తిరిగొచ్చాక నలుగురూ వినేలా "ఎంతకి తెచ్చిందో చూశారా!" అని ఎవరో ఒకరు అనాలి. అంతే. ఆ మాట పడితే ఆ వారమంతా ఆమెకి అన్నం సహించేది.

అట్లా ఉండగా ఊళ్ళోకి అరచేతి సంత వచ్చింది.

అది చిన్న పలకలా ఉంటుంది. వేలితో తోస్తే అంగళ్ళు తెరుచుకుంటాయి. అందులో వర్తకుడు లేడు, తక్కెడ లేదు. ప్రతి సరుకు పక్కనా ఒక పెద్ద ధర రాసి, దాన్ని వాళ్ళే కొట్టేసి, కింద చిన్న ధర రాసి ఉంటుంది. ఆ పెద్ద ధరకి ఎప్పుడైనా ఎవరైనా కొన్నారా అని అడిగేవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. పుట్టినవాళ్ళంతా కొనడంలో ఉన్నారు.

ఒక బుధవారం పొద్దున్నే బేరాలావిడ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఎండ అరుగెక్కింది. ఆమెని పిలవడానికి ఎవరూ రాలేదు. చివరికి పక్కింటి కోడలు చెత్త పారబోయడానికి బయటికి వచ్చింది.

"ఏమే, కుక్కరు కావాలన్నావుగా. సంతకి పోదామా?"

"కొనేశానత్తా. సగానికి సగం."

"బేరం ఎవరాడారు?"

"ఎవరూ ఆడలేదు. అదే తగ్గించుకుంది."

"అడక్కుండా తగ్గితే దాన్ని బేరం అనరే. ఆ కుక్కరుకి ఏదో జబ్బు ఉండుంటుంది."

"జబ్బో గిబ్బో, ఎండలో నిన్ను తిప్పే పని తప్పింది కదత్తా" అని ఆ పిల్ల నవ్వుతూ లోపలికి పోయింది. నవ్వుతూ అన్న మాట కాబట్టి తిట్టడానికి కూడా వీల్లేకపోయింది.

నలభై ఎనిమిది చిత్రమైన వయసు. పెద్దదని కుర్చీ వేయరు, చిన్నదని పని చెప్పరు. ఆ వయసులో మనిషిని ఎవరో ఒకరు దేనికో ఒకదానికి పిలుస్తూ ఉండాలి. ఆ పిలుపు కూడా ఆగిపోతే తనకి నోరు ఎందుకున్నట్టో బేరాలావిడకి అర్థం కాలేదు. ఊళ్ళోవాళ్ళకి ఎప్పట్నుంచో అర్థం కానిదీ అదే.

శత్రువు బలం తెలుసుకోవాలి కదా అని ఆమె కూడా ఒక అరచేతి సంత తెప్పించుకుంది. తెరవగానే ఒక ఇనప పెనం కనపడింది. ముక్కుతో నవ్వింది. పెనం ధర తగ్గలేదు. "పిడి వంకర" అంది. అది విననట్టే ఊరుకుంది. "చెవిటి సంత" అని తిట్టి, పలకలో ఉన్న బుట్టలో వేసిన పెనాన్ని వేసినట్టే వదిలేసి లేచిపోయింది.

మర్నాడు ఆమె పళ్ళు తోముకుంటుంటే పలక చిన్నగా మోగింది. 'మీ పెనాన్ని మరిచిపోయారు. మీకోసం, మీ ఒక్కరికే, ఇంకో వంద తగ్గించాం' అని ఉంది అందులో.

ఆమె నోటి నిండా నురగతో నిలబడిపోయింది.

"చూశావా?" అంది మొగుడితో. "వెనక్కి పిలిచింది! ఏడడుగులు దాటనివ్వలేదు."

"రాత్రంతా పడుకున్నావు కదే."

"నువ్వూరుకో. దాని లెక్కలో అదే నడక."

ఆ రోజు నుంచి ఆమెకి మళ్ళీ చేతినిండా పని. పొద్దున్నే నాలుగు సరుకులు బుట్టలో వేసి వదిలేసేది. సాయంత్రానికి పిలుపులు మొదలయ్యేవి. 'ఇంకా రెండే మిగిలాయి' అని ఒకటి. 'గంటే గడువు' అని ఇంకొకటి. ఆమె తొణికేది కాదు. గంట గడువు అన్నవాడు మూడు రోజులైనా ఎదురుచూస్తాడని ఆమెకి తెలుసు. మూడో పిలుపుకి గానీ తిరిగి చూసేది కాదు. అంతగా పిలిచినవాళ్ళని ఉత్తచేతులతో పంపడం మర్యాద కాదు కాబట్టి, అప్పుడు కొనేది.

ఇంట్లోకి డబ్బాలు రావడం మొదలైంది. వెల్లుల్లి తొక్క తీసే మర ఒకటి వచ్చింది. వెల్లుల్లి తొక్క కంటే ఆ మరలో ఇరుక్కున్న వెల్లుల్లి తీయడానికి ఎక్కువసేపు పట్టేది. రెండు జతల చెప్పులున్న ఇంటికి ఇరవై జతలు పట్టే అల్మారా వచ్చింది. ఉన్నచోటే నడిచే యంత్రం కూడా ఒకటి వచ్చింది. దాని మీద మూడు రోజులు ఆమె నడిచింది, తరవాత తడి బట్టలు ఎక్కాయి.

"ఇదెందుకే మనకి?" అన్నాడు మొగుడు, ఒక డబ్బా విప్పి చూసి. అందులో పిల్లిని దువ్వే దువ్వెన ఉంది.

"పద్దెనిమిది వందలది. నూట యాభైకి వచ్చింది."

"మనకి పిల్లి లేదు కదా?"

"కావాల్సినదాన్ని ఎవరైనా కొంటారయ్యా. అందులో గొప్పేముంది?"

అతను దువ్వెనని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ఇంట్లో తను తప్ప దానికి తగినవాళ్ళెవరూ లేరని గ్రహించి, నిశ్శబ్దంగా తల దువ్వుకున్నాడు.

ఒక్కటే కొరత. కొన్నవాటి గురించి చెప్పుకోవాలంటే వినేవాళ్ళు దొరకలేదు. రెండువేల అల్మారా ఆరొందలకి వచ్చిందని ఆమె మొదలుపెడితే, ఎదుటావిడ నాలుగువేల గొడుగు ఐదొందలకి వచ్చిందని అందుకునేది. ఆ గొడుగు మాట పూర్తికాకుండానే మూడో ఆవిడ దుప్పట్లు పరిచేది. ఊరంతా లాభాల్లో ఉంది. ఎవరి లాభం చూసీ ఎవరూ అబ్బురపడటం లేదు.

అయినా ఆమె సర్దుకుంది. ఎవరూ వినకపోయినా, రోజూ తన ఒక్కదాన్నే వెనక్కి పిలిచే నోరు ఒకటుంది కదా అనుకుంది.

ఒక బుధవారం పొద్దున ఆమె వీధిలో కళ్ళాపి చల్లుతుంటే పలక మోగింది. అదే క్షణంలో పక్కింట్లో మోగింది. ఎదురింట్లో మోగింది. పాల డిపో దగ్గర నిలబడ్డ నలుగురి జేబుల్లోనూ మోగింది. పక్కింటి కోడలు పరుగెత్తుకుంటూ బయటికి వచ్చింది.

"అత్తా, చూడు! చాపలట! నాకొక్కదానికే ఇస్తున్నారట!"

బేరాలావిడ తన పలక చూసుకుంది. అందులోనూ చాపలే. 'మీ ఒక్కరికే.' పాల డిపో దగ్గర మగవాళ్ళు ఎవరికి వాళ్ళు పలకలని అరచేత్తో మూసుకుని, తమ ఒక్కరికే వచ్చిన చాపల్ని పక్కవాడు చూడకుండా దాచుకుంటున్నారు.

ఆమె చెంబు అరుగు మీద పెట్టింది. చెయ్యి తుడుచుకోకుండానే సంత వైపు నడిచింది.

సంతలో నలుగురు మిగిలారు. ఇద్దరు మిరపకాయలవాళ్ళు, ఒక చేపలావిడ, చీరల మూటాయన. మూటాయన ఆమె కంటే ఆరేళ్ళు పెద్ద. ఇరవై రెండేళ్ళుగా ఆమెకి ఎదురు కూర్చుని బేరమాడినవాడు. వాళ్ళిద్దరూ మొదలుపెడితే చేపలవాళ్ళు కూడా ఈగలు తోలడం మానేసి చూసేవాళ్ళు. ఇప్పుడతను పొద్దెక్కకుండానే చీరలు మడతపెట్టి మూట కడుతున్నాడు.

"ఏమయ్యా, అప్పుడే మూట బిగిస్తున్నావు?"

"ఇదే ఆఖరి బుధవారం చెల్లెమ్మా. బస్తీలో అరచేతి సంత గోదాములో పని దొరికింది. డబ్బాల మీద చిరునామా కాగితాలు అంటించడం."

ఇతను కూడా పోతే చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆమె నోటికి ఎదురు నోరు ఉండదు. ఇక బతికినన్నాళ్ళూ చెవిటి పలక ముందు ముక్కుతో నవ్వుకోవాల్సిందే. ఈ సంగతి పైకి చెప్పుకునే మనిషి కాదు కాబట్టి, మూటలోంచి ఒక ఆకుపచ్చ నేత చీర లాగింది.

"ఎంత?"

"తొమ్మిదొందలు."

ముక్కుతో నవ్వింది. "మూడొందలు. అంచులో పోగు లేచింది."

"సరే, తీసుకో" అన్నాడతను.

ఆమె చీర వదల్లేదు, తీసుకోలేదు.

"సరే ఏమిటయ్యా?"

"నువ్వే కదా మూడొందలన్నావు."

"నేనంటే? నేనంటే ఒప్పేసుకోవడమేనా? ఇన్నేళ్ళలో ఏనాడన్నా నా మొదటి మాటకే దిగావా? పిల్లల మీద ఒట్టేస్తావు, నూలు ధర పెరిగిందంటావు, నెత్తి కొట్టుకుంటావు. ఇవాళ ఏం రోగం వచ్చింది?"

"ఓపిక లేదమ్మా. ఎవడు అడిగినా ఇచ్చేసి పోదామని ఉంది."

బేరాలావిడ చీర కొంగు విప్పి, చేయంత దూరం పెట్టుకుని చూసింది. దగ్గర పెట్టుకుంటే ఇప్పుడామెకి అక్షరం ముక్క, పోగు ముక్క ఏదీ ఆనదు.

"నాలుగొందల యాభై" అంది.

అతను తల ఎత్తాడు. "మూడొందలకి ఇచ్చానన్నాను కదా."

"ఆ అంచు చూడు. ఆ నేత చూడు. మూడొందలకి ఇస్తే నేసినవాడి ఉసురు తగలదూ? నాలుగొందల యాభై."

"పోగు లేచిందన్నావు."

"ఎక్కడ లేచింది? నీ కళ్ళు పోయినట్టున్నాయి. ఐదొందలు."

చేపలావిడ ఈగలు తోలడం ఆపింది. మిరపకాయలవాళ్ళు దగ్గరికి జరిగారు. పాల డిపో వైపు నుంచి నలుగురు వచ్చారు. వాళ్ళలో ఒకడు అడిగాడు: "అత్తా, ఇంతకీ నువ్వు కొనేదానివా, అమ్మేదానివా?"

"నోర్మూసుకుని చూడరా. నీకు చాపలొచ్చాయిగా, పోయి పరుచుకో."

మూటాయన ఆమె ముఖంలోకి చూశాడు. ఏం చూశాడో ఏమో, కడుతున్న ముడి వదిలేశాడు. కాలు మీద కాలు వేసుకుని, నెమ్మదిగా, తన బతుకులో మొదటిసారి ముక్కుతో నవ్వాడు.

"రెండొందల ఎనభై" అన్నాడు.

"ఏమిటీ?"

"రంగు కూడా నిలవదు. ఒక్క ఉతుకుకి పోతుంది. రెండొందల ఎనభైకి పైసా ఎక్కువ తీసుకోను."

"నీ సరుకుని నువ్వే అంటావా? సిగ్గుందా? ఆరొందలు!"

జనం మూగారు. రొండిన ఆమె పలక రెండుసార్లు మోగింది. ఆమెకి వినపడలేదు. ఇద్దరూ గొంతులు పోయేదాకా అరుచుకున్నారు. అతను చీరని తిట్టాడు, ఆమె చీరని పొగిడింది. ఆమె పిల్లల మీద ఒట్టేసింది, అతను నెత్తి కొట్టుకోబోయి అది తన వంతు కాదని గుర్తొచ్చి ఆగాడు. పొద్దు వాలే వేళకి అతనికి నీరసం వచ్చింది.

"నీ మాటా వద్దు, నా మాటా వద్దు. మధ్యన నాలుగొందలకి తెంపుదాం. నేను పోవాలి చెల్లెమ్మా, బండి దాటిపోతుంది."

సంతల్లో ఆ మాట వచ్చాక ఎవరూ కాదనరు. ఆమె కూడా ఇరవై రెండేళ్ళలో కాదనలేదు.

"నా మాటే నా మాట" అంది బేరాలావిడ.

ఆ సంతలో ఒక కట్టుబాటు ఉంది. బేరం మొదలైన సరుకు మీద కొనేవాళ్ళ చెయ్యి ఉండగా, అది తెగేదాకా అమ్మేవాడు దాన్ని ఇంకొకరికి అమ్మకూడదు, సంత విడిచిపోకూడదు. పొద్దుగూకేలోపు తెగని బేరం వచ్చే బుధవారం అక్కణ్ణుంచే మొదలవాలి. ఆమె చీర మీద చెయ్యి పెట్టి కూర్చుంది. బస్తీ బండి వచ్చింది, హారన్ కొట్టింది, పోయింది.

మూటాయన బండి పోయిన వైపు చూశాడు. ఆమె చేతి వైపు చూశాడు.

"మరి వచ్చే బుధవారం?" అన్నాడు.

"రా. చూద్దాం ఎంతకి దిగుతావో."

"రెండొందలకి దిగుతా. ఏమనుకున్నావో."

"దిగు, నీ అంతు చూస్తా."

ఆ బేరం ఇప్పటికి ఏడాదిన్నరగా నడుస్తోంది. చీర మడతల దగ్గర వెలిసిపోయింది. ప్రతి బుధవారం ఆ తమాషా చూడటానికి జనం వస్తారు. వచ్చినవాళ్ళు పనిలో పనిగా మిరపకాయలు కొంటారు, చేపలు కొంటారు. చాపలవాడు ఒకడు కొత్తగా చేరాడు. అంత పేరున్న మనిషికి ముసలితనం రాకముందే మతి పోయిందనీ, ఒక్క చీర కొనడం చేతకాక ఏడాదిన్నర పట్టిందనీ ఊళ్ళో అందరూ జాలిపడుతున్నారు. గోదాము ఉద్యోగం చేజార్చుకున్న మూటాయన తెలివి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. మనకెందుకులెండి.

మొన్న బుధవారం ఎండ మండిపోతోంది. మూటాయనకి మాటలు తడబడ్డాయి. విసుగెత్తి, "సరేనమ్మా, నువ్వన్న వెయ్యే ఇవ్వు, తీసుకుపో" అనేశాడు.

బేరాలావిడ ముఖం పాలిపోయింది. గబగబా చీర కొంగు విప్పి, చేయంత దూరం పెట్టుకుని, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెతికింది. వెతికి, హమ్మయ్య అన్నట్టు ఊపిరి తీసుకుని అంది:

"వెయ్యేమిటయ్యా? ఇక్కడ పోగు లేచింది."