విప్పని ఎర్ర పుల్లల కట్ట

ఆషాఢ శుద్ధ త్రయోదశి, మంగళవారం. తెల్లవారుజామున సన్నటి జల్లు పడి ఆగింది. కృష్ణ మీంచి చల్లగాలి వీస్తోంది. మూడేళ్ల తర్వాత నందిలుడు విహారానికి తిరిగి వచ్చాడు.

ఆ విహారంలో ఏ నిర్ణయమైనా పుల్లలతోనే. ఒప్పుకునే భిక్షువు తెల్ల పుల్ల వేస్తాడు, ఒప్పుకోనివాడు ఎర్రది. మనం ఓటు అనే మాట వినడానికి ఎన్నో వందల ఏళ్ల ముందటి సంగతి ఇది. సముద్రం అవతలి ద్వీపంలో మాత్రం ప్రతి విహారంలోనూ స్థవిరుడు, అంటే పెద్ద భిక్షువు, చెప్పిందే మాట. వాళ్లకు పుల్లల పద్ధతి నేర్పి రమ్మని రేవు వర్తకులు నందిలుణ్ణి ఓడ ఎక్కించారు. పని నెరవేరిందని గురువు ఆనందశీలుడు అంటే రెండో ఓడ కూడా పంపుతారు. అందులో వెళ్లాలని నందిలుడి ప్రాణం కొట్టుకుంటోంది.

గురువు అతని పగిలిన మడమలకు ఆముదం రాస్తున్నాడు. శిష్యుడు కాళ్లు లాక్కోబోతే ఊరుకోలేదు. ఆయన మొదటి నుంచీ అంతే. జబ్బుపడ్డ పిల్లికి గంజి కాచి పెట్టిన మనిషి. ఆ పిల్లిది వేరే కథ.

"చెప్పు నాయనా, ఎలా జరిగింది?"

"పన్నెండు విహారాలు, భంతే. యాభై సభలు. ఒక్కరు కూడా కాదనలేదు. చూడండి." సంచిలోంచి ఎర్ర పుల్లల కట్ట తీశాడు. వెళ్లేటప్పుడు వేసిన నూలు ముడి అలాగే ఉంది. "విప్పే పనే పడలేదు."

"సభలో దీన్ని ఎక్కడ పెట్టేవాడివి?"

"స్థవిరుల ఆసనం వెనక. కావలసినవాళ్లు వచ్చి అడుగుతారని."

"అడిగారా?"

"లేదు భంతే. అదే కదా గొప్ప."

గురువు చేతులు తుడుచుకుని ముడి విప్పాడు. సంఘాన్ని పిలిచాడు. ముప్పై ఒక్కరు వచ్చారు. ఒక్కొక్కరికీ ఒక తెల్ల పుల్ల, ఒక ఎర్ర పుల్ల ఇచ్చి, గుడ్డ కప్పిన బుట్ట మధ్యలో పెట్టాడు.

"నందిలుడు రెండో ఓడలో వెళ్లాలి. ఇది నా కోరిక" అన్నాడు.

ఎర్రవి ఇరవై రెండు వచ్చాయి.

వంట చూసే కౌండిలుడు నవ్వాపుకుంటున్నాడు. "ఆ కాళ్లతోనా భంతే? ముద్దు మీది, మడమలు అతనివి. ఈ వానాకాలం ఇక్కడ కూర్చోనివ్వండి."

"ఎర్రది వేశావన్నమాట."

"వేశాను. పైకప్పు విషయంలోనూ వేశాను."

"అప్పుడూ నువ్వే నెగ్గావు. సరే, ఓడిపోయాను. గంజి ఉందా?"

ఆనందశీలుడు వెళ్లి అతని పక్కనే కూర్చున్నాడు. నందిలుడి ముఖం వాడిపోవడం చూసి దగ్గరికి పిలిచి, తన గంజి సగం అతని పాత్రలోకి వంచాడు.

"అక్కడ ఎవరైనా స్థవిరుడు ఓడిపోయాడా, నాయనా?"

 మర్నాడు వర్తకుల మనిషి వస్తే, పని ఇంకా మొదలే కాలేదని నందిలుడే చెప్పాడు.

ఆరేళ్లకు ఆనందశీలుడు పోయాడు. తన పాత్ర నందిలుడికి ఇవ్వమన్నది చివరి కోరిక. సంఘం కూర్చుంది. ఎర్రవే ఎక్కువ వచ్చాయి. పాత్ర, కట్టుకునే చీవరాలు జబ్బులో సేవ చేసిన కౌండిలుడికి దక్కాయి. చేతికర్ర చూపు మందగించిన మేఘుడికి. నందిలుడికి ఏమీ రాలేదు.

ఆ రోజు పుల్లలు పంచింది అతనే.