సముద్రమ్మకి రాని రెండో పిలుపు

ఒకప్పుడు సముద్రానికి అలల్లేవు పిల్లలూ. పళ్ళెంలో పోసిన నీళ్ళలాగా ఉన్నచోటే ఉండేది. పీత కూడా మనలాగే ముందుకు నడిచేది.

ఆ ఒడ్డున కొర్లమ్మ అని ఒకామె ఉండేది. చేపలు ఎండబెట్టుకుని బతికేది. ఆమెకీ సముద్రమ్మకీ వదినా వదినా అనుకునేంత చనువు.

"వదినా, పులుసులోకి చిటికెడు ఉప్పు" అని కొర్లమ్మ దోసిలి పట్టేది.

"ఇంత ఇల్లు పెట్టుకుని నీకు చిటికెడు ఇస్తానా? పోయి కుండ తెచ్చుకో" అనేది సముద్రమ్మ.

కొర్లమ్మ కూతురు ఎర్రమ్మికి పెళ్ళి కుదిరింది. బొట్టు పెట్టి పిలవాలి కదా, కొర్లమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఒడ్డుకి వెళ్ళింది. వెళ్ళిందే గానీ, సముద్రానికి నుదురెక్కడ? అటు చూసింది, ఇటు చూసింది. "ఎక్కడుందో అక్కడే అంటుకుంటుందిలే" అని భరిణె మొత్తం ఒంపేసింది.

"శుక్రవారం పెళ్ళి వదినా. నువ్వు రావాలి."

"రాకుండా ఎలా ఉంటాను? ఎర్రమ్మికి మేనత్తని నేనే కదా!"

అయితే ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. బొట్టు పెట్టి చెప్పింది ఉత్త కబురు కింద లెక్క. పెళ్ళినాడు వంటలయ్యాక మళ్ళీ ఇంటికొచ్చి, "ఆకులు వేశాం, లేవండి" అని పిలవాలి. అది రెండో పిలుపు. అది రాకపోతే కడుపు మాడినా గడప దాటరు. మా పెద్దత్త ఒకసారి పక్కింటి పెళ్ళికి పట్టుచీర కట్టుకుని, పొద్దుగూకేదాకా పస్తు కూర్చుంది. మధ్యన గోడే అడ్డం!

శుక్రవారం వచ్చింది. సముద్రమ్మ తెల్లటి నురుగు చీర కట్టుకుంది. ఎర్రమ్మికి ఇవ్వడానికి ఒడినిండా గవ్వలు పోసుకుంది. కూర్చుంది.

అక్కడ పందిట్లో కొర్లమ్మ ఆ రోజుకి చేపలు మానేసి గుమ్మడికాయ పులుసు పెట్టించింది. చుట్టం పిల్లల్ని చుట్టానికే వడ్డిస్తే బాగుంటుందా మరి!

వంటలయ్యాయి. కొర్లమ్మ పీతని కేకేసింది.

"పీతయ్యా, నీకు నీళ్ళలోనూ ఇల్లుంది, గట్టుమీదా ఇల్లుంది. పరుగున వెళ్ళి మా వదినని వెంటబెట్టుకురా, బాబూ."

పీత బయల్దేరింది. నాలుగడుగులు వేసి ఆగింది. పిలుపుకి ఒంటరిగా వెళ్ళకూడదు కదా! తోడుకి తన బావ పీతని లేపింది. దారేమో సన్నం. ఒకరి వెనక ఒకరు నడవాలి.

"మీరు ముందు నడవండి బావగారూ" అంది మొదటి పీత.

"అబ్బే, పిలుపు మీది. మీరే నడవాలి."

"నేను ముందు నడిస్తే మీకు వీపు చూపించినట్టు కాదూ? అంత మర్యాద తెలియనివాణ్ణా?"

"నాకు మాత్రం వీపు లేదా? నేనెలా చూపిస్తాను?"

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఎవరూ వీపు తిప్పలేదు. చివరికి మొహాలు చూసుకుంటూనే పక్కకి పక్కకి నడిచారు. సముద్రం ముందుంటే వీళ్ళేమో ఒడ్డు పొడుగునా పోయారు. మర్యాద పాడవకుండా రెండు ఊళ్ళు దాటిపోయారు.

తిరిగొచ్చేసరికి భోజనాలైపోయాయి. ఆకులు ఎత్తేశారు. కాకులు కూడా తిని మూతులు తుడుచుకున్నాయి.

"ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?" అని పీతలిద్దరూ ఇసుకలో బొరియ తవ్వి దూరిపోయారు.

పాపం, సముద్రమ్మ ఇంకా కూర్చునే ఉంది. మేళం వినిపించింది. తాళి కట్టి ఉంటారు అనుకుంది. పులుసు వాసన వచ్చింది. కడుపు నకనకలాడింది. మెల్లిగా లేచి పందిరి అంచుదాకా వచ్చింది. ఎవరైనా చూస్తే పిలుస్తారు కదా! ఎవరూ చూడలేదు.

"ఛీ, పిలవని పేరంటానికి వెళ్తానా!" అని సిగ్గుపడి వెనక్కి వెళ్ళిపోయింది.

కూర్చోలేకపోయింది. మళ్ళీ వచ్చింది. వచ్చానని గుర్తుగా గుప్పెడు గవ్వలు అక్కడ పెట్టి, మళ్ళీ వెళ్ళింది.

మూడోసారి వచ్చినప్పుడు, గుండిగలు తోముతున్న కొర్లమ్మ తలెత్తి చూసింది. పులుసు గుండిగలో గరిటె తప్ప ఏమీ లేదు. "అయిపోయింది" అంటే వదిన మనసు విరుగుతుంది. మనసు విరిగితే ఏడుస్తుంది. సముద్రం కూర్చుని ఏడిస్తే ఇక ఊరేం మిగులుతుంది?

"ఇదేంటొదినా, అప్పుడే వచ్చేశావు!" అంది కొర్లమ్మ గొంతు సవరించుకుని. "ఇంకా ఆకులు కడుగుతున్నారు. వెళ్ళి కూర్చో, నేనే వచ్చి పిలుస్తాను."

సముద్రమ్మ మొహం వెలిగిపోయింది. "నాకేం తొందర్లేదులే. ఊరికే ఇటొచ్చాను" అని వెళ్ళింది. కాసేపాగి మళ్ళీ వచ్చింది.

"కడిగారా?"

"కడుగుతున్నారు."

ఎర్రమ్మి కాపరానికి వెళ్ళింది. పిల్లల్ని కంది. పళ్ళూడిపోయాయి. కొర్లమ్మ పోతూ పోతూ కూతురి చెవిలో ఒక్కటే చెప్పింది: "అత్త అడిగితే ఆకులు కడుగుతున్నారని చెప్పమ్మా." ఎర్రమ్మి తన కూతురికి చెప్పింది, ఆ కూతురు తన కూతురికి. ఆ పెళ్ళి ఎప్పుడో అయిపోయిందని కాకులకి తెలుసు, గాలికి తెలుసు, ఎర్రమ్మి మునిమనవరాలి మేకకి కూడా తెలుసు. సముద్రమ్మకి ఒక్కదానికే ఆ బొట్టు పెట్టిన కబురు ఇంకా వేడివేడిగా ఉంది.

మీరెప్పుడైనా ఒడ్డున నిలబడితే, మీ కాళ్ళు తడిపి, అరికాళ్ళ కింద ఇసుక మెల్లిగా లాగి "కడిగారా?" అని అడుగుతుంది. అబద్ధం ఆడటం తప్పే. ఈ ఒక్కటీ మాత్రం తప్పు కాదు. "ఇంకా ఆకులు కడుగుతున్నారత్తా" అనండి.

అప్పటినుంచే పీత పక్కకి నడుస్తోంది, సముద్రమ్మ కనబడగానే బొరియలో దూరుతోంది. అప్పటినుంచే సముద్రమ్మ నురుగు చీర కట్టుకుని ఒడ్డుదాకా వస్తోంది. ఉత్త చేతులతో రాకూడదని నాలుగు గవ్వలు పెడుతోంది. రెండో పిలుపు రాలేదని వెనక్కి వెళ్తోంది. వెళ్ళినట్టే వెళ్ళి, ఏమో, ఇప్పుడు వేశారేమోనని, మళ్ళీ వస్తోంది.